ఎడమపక్క గుండీలు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి కత్తెరమ్మ కొట్టు షట్టరు పైకి లేచేది. లేచాక మిషనుకి రెండు చుక్కలు నూనె, బల్ల మీదికి గుడ్డ, ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు. పెట్టె వేడెక్కేలోపు ఊరికే కూర్చోలేక వీధిలో ఎవడినో ఒకడిని తిట్టేది. ఫోను చెవికి అంటించుకుని నడిరోడ్డు మీద నుంచునేవాడు రోజుకొకడు దొరికేవాడు మరి. "ఓ బాబూ, ఈ రోడ్డేమన్నా మీ ఇంటి వరండానా? మీ బావమరిది ఉద్యోగం పోతే మాకెందుకయ్యా, పక్కకి జరుగు!" ఎదురుకొట్లో తాళాలు చేసేవాడు ఆ కేక విన్నాకే తన కొట్టు తెరిచేవాడు. "అమ్మ మొదలెట్టింది, ఎనిమిదైంది" అనేవాడు.

ఆవిడ పేరు అది కాదు. నలభై ఏళ్ళుగా చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర. అందుకని వీధి వీధంతా కత్తెరమ్మ అనేది. ఆవిడకీ తెలుసు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత బోర్డు మీద అదే రాయించుకుంది.

కొట్లో అడుగుపెట్టగానే ఎడంచేతి వైపు ఒక రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు గుండీలు పోసుకున్న డబ్బా, అడుగున ఇంకా కాసిని గుండీలు మిగిలున్నాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఫోను అందులో వెయ్యాల్సిందే. వేస్తేనే మెడలోంచి టేపు తీసేది. వెయ్యనివాడితో, "నీ ఒళ్ళు ఇక్కడుంది, మనిషి ఇంకెక్కడో ఉన్నాడు. ఇద్దరూ ఒకచోటికి చేరాక రండి" అనేది.

అది పొగరుతో అన్న మాట కాదు. ఫోన్లో మాట్లాడేవాడిని కొలిస్తే ఆ బట్ట వాడికి పట్టదు. అవతలివైపు ఉన్నవాళ్ళకి పడుతుంది. తాళాలవాడు ఒకసారి వాళ్ళ అత్తగారితో మాట్లాడుతూ ప్యాంటుకి కొలతిచ్చాడు. కుట్టాక చూస్తే అది ఆ అత్తగారికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆవిడ ఇప్పటికీ అదే వేసుకుని తోటపని చేసుకుంటుంది, చాలా సుఖంగా ఉందంటుంది. ఒక పోలీసాయన ఎవరితోనో గుసగుసగా బేరమాడుతూ చొక్కాకి కొలతిచ్చాడు. ఆ చొక్కా చివరికి ఎవడి ఒంటిమీద కనబడిందో వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. కత్తిరించేటప్పుడు బట్ట మామూలుగానే ఉంటుంది. కుట్టేటప్పుడూ అంతే. చివరి గుండీ కుట్టి, దారం పంటితో పుటుక్కున తెంపుతుంది చూడండి, అప్పుడు వెళ్ళిపోతుంది అవతలివాళ్ళ కొలతకి. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. చలికి నూనె గడ్డకడుతుంది, వానకి తలుపులు బిగుస్తాయి, ఫోన్లో ఉన్నవాడిని కొలిస్తే బట్ట పరాయిదైపోతుంది. అంతే.

ఇదివరకు ఈ డబ్బా పట్టింపు ఇంత ఉండేది కాదు. అప్పుడు కొట్లో ఇద్దరుండేవాళ్ళు, కత్తెరమ్మా, చెల్లెలూ. కత్తెరమ్మకి టేపు మీద అంకెలు చదవడం వచ్చుగానీ రాయడం రాదు. బడి మొహం చూసింది కాదు. అక్క కొలిచి కేకేసేది, చెల్లెలు స్టూలు మీద కూర్చుని పుస్తకంలో రాసేది. "భుజం పదిహేడు." "పదిహేడు." "ఛాతీ నలభై." "నలభై." తప్పు పోకుండా ప్రతి అంకెనీ చెల్లెలు తిరిగి అనేది. ముప్ఫయ్యేళ్ళలో ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మాటల్లో సగం అంకెలే అయ్యుంటాయి.

ఆరునెలల కిందట ఒక మధ్యాహ్నం, లైనింగు గుడ్డ అమ్మేవాడు నల్లది పంపమంటే గోధుమరంగుది పంపాడు. కత్తెరమ్మ వాడితో ఫోన్లో పోట్లాటకి దిగింది. చెల్లెలు బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, ఒక మాట" అంది. కత్తెరమ్మ ఫోను చెవి మీంచి తియ్యకుండానే, ఆగమన్నట్టు చూపుడువేలు ఎత్తింది. చెల్లెలు ఆగింది. కాసేపు నుంచుని, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఈవిడ ఆ గోధుమరంగు పట్టుకుని వాడి తాతముత్తాతల దాకా వెళ్ళి, దులిపి, గెలిచి, ఫోను పెట్టేసి, "ఆఁ, ఏంటే?" అని తిరిగేసరికి చెల్లెలు పుస్తకం మీద తల వాల్చుకునుంది. కలం ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

ఆ ఒక్క మాట ఏంటో తెలీదు. ఇంక తెలిసేదీ లేదు. గుండెల్లో నొప్పి అనేమో. కాసిని మంచినీళ్ళివ్వు అనేమో. "గోధుమరంగైతే ఏమైంది, వాడుకుందాంలే" అనేమో. కత్తెరమ్మ మిషను తొక్కుతూ రోజుకొకటి అనుకునేది. గెలిచిన పోట్లాటలో ఒక్క ముక్క గుర్తులేదు. ఎత్తిన వేలు మాత్రం గుర్తుంది. సూది గుచ్చుకోకుండా ఆ వేలికే తొడుగు తొడిగి పనిచేసేది, పనయ్యాక కూడా తీసేది కాదు. తన ఫోను ఆ రోజే డబ్బాలో పడేసింది. అది అందులోనే చచ్చి ఊరుకుంది. వచ్చినవాళ్ళ ఫోన్లు దాని మీదే పడేవి.

చెల్లెలికి ఒక్కతే కూతురు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అమ్మాయి నాలుగు వీధుల అవతల కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. తల్లి పోయాక అక్కడ పని ముగించుకుని సాయంత్రం అయిదింటికి వచ్చి స్టూలు మీద కూర్చునేది. అందుకే కత్తెరమ్మ కొట్లో కొలతలు అయిదు తర్వాతే. అయిదుకి ముందొస్తే రాజైనా సరే, బయట బల్ల మీద కూర్చోవాల్సిందే.

ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అతనిది లిఫ్టులు బిగించే కంపెనీలో ఉద్యోగం. కళ్ళజోడు కొనుక్కోవడానికి వచ్చి, ఎనిమిది ఫ్రేములు పెట్టి తీసి, తొమ్మిదోదానికి అమ్మాయిని మెచ్చుకున్నాడట. మనిషి చూడ్డానికి బాగుంటాడు, మర్యాదగా నవ్వుతాడు. "నాకు వెనకా ముందూ ఎవరూ లేరు, ఊళ్ళో అమ్మ తప్ప" అని చెప్పాడట. కాకపోతే చెవికీ ఫోనుకీ మధ్య గాలి దూరదు. మొదటిసారి కత్తెరమ్మని చూడ్డానికి వచ్చినప్పుడు కూడా, దండం పెట్టడానికి ఒక చెయ్యే ఖాళీగా ఉంది. "నమస్తే ఆంటీ" అన్నాడు.

"కళ్ళద్దాల కొట్లో పనిచేస్తూ మనిషిని చూసుకోలేకపోయావా అమ్మాయ్?" అంది కత్తెరమ్మ ఆ రోజు.

"పెద్దమ్మా!"

"ఆంటీ అంట! నేనేమన్నా వాడి పక్కింటి ఆంటీనా? నోరారా అత్తయ్యా అంటే నోరు అరిగిపోద్దా?"

"నేర్చుకుంటారులే. అమ్మ ఉంటే ఇలాగే అనేదా?"

కత్తెరమ్మ చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది. అమ్మాయి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒక్కటి అడుగుతాను. ఆయన మీద నోరు పారేసుకోనని మాటివ్వు. నీ నోటికి భయపడి ఇప్పటికే ఎంతమంది పారిపోయారో నాకు తెలుసు. ఈ పెళ్ళి చెడితే నేను తట్టుకోలేను పెద్దమ్మా." తల్లి పోయాక ఆ పిల్ల మొహంలో నవ్వొచ్చింది ఈ సంబంధంతోనే. కత్తెరమ్మ మాటిచ్చింది. ఇచ్చింది గానీ, వేడి పెనం మింగినట్టే ఉంది.

పెళ్ళికోటు తనే కుడతానంది. మంగళవారం కొలతలకి రమ్మంటే అతను అయిదున్నరకి వచ్చాడు. వస్తూ వస్తూనే ఫోన్లో ఉన్నాడు. "సరే సార్... అలాగే సార్..." అంటూ లోపలికొచ్చి బల్ల మీదున్న సుద్దముక్కలు పక్కకి తోసి మోచెయ్యి ఆనించాడు. కత్తెరమ్మ డబ్బా చూపించింది.

అతను చూపుడువేలు ఎత్తాడు.

ఆ వేలు చూడగానే కత్తెరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. మాటిచ్చింది కాబట్టి పళ్ళ మధ్య నాలుక పెట్టుకుని నుంచుంది. ఒక నిమిషం అయింది, మూడయ్యాయి. అతను ఫోనుని అరచేత్తో మూసి, "ఆంటీ, మీరు కొలిచేసుకోండి, చెయ్యెత్తమంటే ఎత్తుతాను. మా పెద్దసారు. కట్ చేస్తే చంపేస్తాడు" అన్నాడు.

"అలా కుదరదండీ ఇక్కడ," అంది అమ్మాయి స్టూలు మీంచి లేచి. "ఫోన్లో ఉంటే కోటు ఆయనకి సరిపోతుంది."

అతను వేరే ఊరి మనిషి. నవ్వాడు. "మంచిదేగా, పెద్దసారుకి మనం పెట్టిన బట్టలనుకుంటాడు." మళ్ళీ ఫోన్లోకి, "ఏం లేదు సార్, పక్కన ఎవరో టైలరమ్మ. చెప్పండి సార్" అన్నాడు.

ఎవరో టైలరమ్మ! కత్తెరమ్మ మెడలోంచి టేపు సర్రున లాగింది.

"పెద్దమ్మా, వద్దు," అంది అమ్మాయి చిన్నగా. "ఆయన మాట్లాడ్డం అయ్యాక..."

"రాసుకో అమ్మాయ్. భుజం పదిహేడున్నర."

అమ్మాయి అతని వైపు చూసింది. అతను గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. అమ్మాయి ఒక్క క్షణం ఆగి, కూర్చుని, కలం తీసింది. "పదిహేడున్నర."

"కంగారుపడకండి సార్. నేనున్నాను కదా సార్."

"ఛాతీ ముప్ఫైతొమ్మిది."

"ముప్ఫైతొమ్మిది."

"ఆదివారం తప్పకుండా వస్తాను సార్. పోయినసారిలా కాదు సార్. ఒట్టు సార్."

"చెయ్యి పొడవు ఇరవై అయిదు."

కొలతలన్నీ అయ్యాయి, మాటలవ్వలేదు. అలాగే మాట్లాడుకుంటూ, అమ్మాయికి చెయ్యి ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ పెద్దసారుని కత్తెరమ్మ తాంబూలాలప్పుడు ఒకసారి చూసింది. ఏనుగులాంటి మనిషి, తలుపులోంచి పక్కకి తిరిగి వస్తాడు. పెళ్ళిరోజు అందరి ముందూ ఈ పెళ్ళికొడుకు ఆ ఏనుగు కోటులో గుడారంలో కర్రలా నుంచునుంటాడని తలుచుకుంటే ఆవిడకి ఆరునెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నోరు పారేసుకోనని కదా మాటిచ్చింది, సూది పారేసుకోనని ఇవ్వలేదు. అంత కక్షతో ఏ బట్టా కుట్టలేదు ఆవిడ. లోపలికి లైనింగు వెయ్యడానికి నల్లగుడ్డ బోలెడుంది. అయినా వెళ్ళి అటక మీంచి ఆ గోధుమరంగు తాను దింపింది. చెల్లెలు పోయిన్నాటినుంచి దాని మొహం చూడలేదు. వాడికి ఇదే సరిపోద్దిలే అనుకుని కత్తెర పెట్టింది.

కుట్టినన్నాళ్ళూ కోటు పెళ్ళికొడుకంతే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, అమ్మాయి ఇంకా పని నుంచి రాలేదు, చివరి గుండీ కుట్టి, ముడేసి, దారం పంటితో తెంపింది.

పెద్దదవుతుందని రెండు చేతులూ చాపి పట్టుకుంది. కోటు బరువు తగ్గింది. నత్త కొమ్ములు లోపలికి తీసుకున్నట్టు చేతులు రెండూ ముడుచుకున్నాయి, కాలరు ముడుచుకుంది, వీపు ముడుచుకుంది. ముడుచుకుని ముడుచుకుని ఆవిడ ఒళ్ళో ఒక చిన్న కోటై కూర్చుంది.

కత్తెరమ్మ టేపు పెట్టింది. ఛాతీ ఇరవై మూడు. "ఇరవై మూడు" అని తిరిగి అనేవాళ్ళు లేరు, తనే అనుకుంది. అయిదేళ్ళో, ఆరేళ్ళో. కోటుని ఇటు తిప్పింది. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడిపక్క కుడతారు. తనూ కుడిపక్కే కుట్టింది. ఇప్పుడవి ఎడమపక్కకి జరిగిపోయున్నాయి, కాజాలు కుడికి మారిపోయున్నాయి. ఎడమపక్క గుండీలంటే ఆడపిల్ల.

ఆవిడకి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అతని మాటలు ఒక్కొక్కటే చెవిలోకి వచ్చాయి. కంగారుపడకండి సార్. ఆదివారం తప్పకుండా వస్తాను సార్. పోయినసారిలా కాదు సార్. అవి పెద్దసారుతో అనే మాటలు కావు, అవతల ఏడిచే పిల్లని ఊరుకోబెట్టే మాటలని అప్పుడు తెలిసింది. కత్తెరమ్మ ఆ కోటుని ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడు వాసన వచ్చేదాకా అలాగే కూర్చుంది.

అతన్ని తిట్టాలంటే తిట్లకేం తక్కువ లేదు ఆవిడ దగ్గర. కానీ మాటిచ్చింది. దానికి తోడు, ఇది కక్షకొద్దీ తను చేసిన పని. ఇప్పుడు దీన్ని బల్ల మీద పెడితే ఆ పిల్ల మొహంలో ఆ కాస్త నవ్వూ ఆరిపోద్ది, ఆర్పింది నేనే అవుతాను, చెల్లెలికి ఏం జవాబు చెప్పను, అనుకుంది. చిన్న కోటుని కాగితంలో చుట్టి, చెల్లెలి కళ్ళజోడూ కలాలూ ఉండే సొరుగులో పెట్టి మూసేసింది.

అయిదింటికి అమ్మాయి వచ్చింది. "కోటు అయిందా పెద్దమ్మా?"

"పాడైంది. కోతలో తప్పు పోయింది. రేపు మళ్ళీ కొలతకి రమ్మను. ఈసారి ఫోను డబ్బాలో వెయ్యమను."

అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళలో కత్తెరమ్మ కోతలో తప్పు పోలేదు. "సరే" అని ఊరుకుంది. ఏమీ అడక్కపోవడమే కత్తెరమ్మకి గుచ్చుకుంది.

శనివారం అతను విసుక్కుంటూ వచ్చాడు. ఫోను చెవి మీదే ఉంది. "లేదు సార్... చెప్తాను సార్..." డబ్బా పక్కనుంచే వెళ్ళి అద్దం ముందు నుంచున్నాడు.

అమ్మాయి లేచి దగ్గరికెళ్ళింది. "ఏవండీ, మీతో ఒక మాట."

అతను అద్దంలో తన జుట్టు చూసుకుంటూనే చూపుడువేలు ఎత్తాడు.

అమ్మాయి ఆగింది. కాసేపు నుంచుని, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. పుస్తకం ముందేసుకుని తల వంచింది.

అదే స్టూలు. అదే పుస్తకం. మెడ కూడా తల్లి మెడే, అదే వంపు. కత్తెరమ్మ చేతిలో టేపు పడేసింది. ఎప్పుడు కదిలిందో ఆవిడకే తెలీదు. సొరుగు లాగింది, కాగితం చింపింది, చిన్న కోటు తీసి బల్ల మీద పరిచింది. గుండీలు పెట్టి, చేతులు సర్ది, పిల్లని పడుకోబెట్టినట్టు పరిచింది.

"ఇదిగో బాబూ, మీ పెద్దసారు కోటు. కోత తప్పు పోలేదు. నేనే అబద్ధమాడాను."

అతను తిరిగాడు. చూశాడు. నోట్లో సగం దాకా వచ్చిన "సార్" అక్కడే ఆగిపోయింది. చెవి మీంచి చెయ్యి కిందికి జారింది. కొట్లో మిషను ఆగుంది, వీధిలో ఆ క్షణానికి బండి కూడా లేదు. అతని చేతిలోంచి చిన్న గొంతు, అందరికీ వినబడింది.

"నాన్నా? నాన్నా, ఉన్నావా?"

అమ్మాయి లేచి నుంచుంది. "జవాబు చెప్పండి," అంది.

అతను ఫోను వైపు చూశాడు. అమ్మాయి వైపు చూశాడు. బొటనవేలితో నొక్కి కట్ చేసేశాడు.

అక్కడ తెగింది. కోటు చూసినప్పుడు కూడా అమ్మాయి మొహం అంతగా మారలేదు.

"చూడు, నీకు చెబుదామనే అనుకున్నాను," అన్నాడతను. "దాని తల్లి పోయి మూడేళ్ళయింది. మా అమ్మ దగ్గరుంటుంది. చెబితే నువ్వు ఒప్పుకోవేమోనని... పెళ్ళయ్యాక, మెల్లగా..."

"పాప పేరేంటి?"

చెప్పాడు.

"నాలుగు నెలల్నించీ నా ముందు ఆ పేరు ఒక్కసారి పలకలేదు మీరు. చెప్పుంటే పెద్దమ్మ రెండు కోట్లు కుట్టేది," అంది అమ్మాయి. "నాకు పాప ఉందని బాధ లేదండీ. పాపని సార్ అన్నారు. అది నాన్నా నాన్నా అని ఏడుస్తుంటే నా పక్కన కూర్చుని నవ్వుతూ సార్ అన్నారు. రేపు నేను ఫోన్ చేస్తే, మీ పక్కన ఎవరుంటే నన్నేమంటారు?"

"చిన్న విషయాన్ని..."

"దానికి మీరు నాన్న. నాన్నలా మాట్లాడితే మీ పరువేం పోయేది?"

అప్పుడతనికి కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం. "అసలు నా ఫోన్లో ఎవరున్నారో మీకెందుకు? గూఢచారులా మీరు? కొట్టు పెట్టుకున్నారా, చేతబడి పెట్టుకున్నారా? ఈ ముసలావిడ మొదట్నుంచీ నా మీద పగబట్టింది!"

కత్తెరమ్మకి నోటిదాకా వచ్చాయి, నలభై ఏళ్ళ తిట్లన్నీ వరసకట్టి వచ్చాయి. అప్పటికే అమ్మాయి నోరు తెరిచింది. ఇంకొకరు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దూరకూడదు. మింగేసింది.

"పగ ఆవిడది. కోటు మీది," అంది అమ్మాయి. "వెళ్ళండి."

వెళ్ళాడు. మెట్ల మీద ఫోను మళ్ళీ మోగింది. తియ్యలేదు. మూలమలుపు తిరిగేదాకా మోగుతూనే ఉంది.

తర్వాత మూడు రోజులు కత్తెరమ్మ పొద్దున్న ఎవరినీ తిట్టలేదు. తాళాలవాడు రోజూ ఆలస్యంగా కొట్టు తెరిచాడు. చిన్న కోటు బల్ల చివర హ్యాంగరుకి వేలాడుతూ ఉంది. చూసినవాళ్ళు గుండీలు చూశారు, ఎవరిదని అడగలేదు. అమ్మాయి అయిదింటికి వచ్చేది, అంకెలు తిరిగి అనేది, ఏడింటికి ఇంటికెళ్ళి గది తలుపు వేసుకునేది. ఏడిచిందో లేదో కత్తెరమ్మకి తెలీలేదు. అడిగే ధైర్యం లేదు.

బుధవారం అయిదు దాటాక గుమ్మంలో ఎవరో నుంచున్నారు. అతనే. చెవి ఖాళీగా ఉంది. అలా ఖాళీ చెవితో ఎప్పుడూ చూడలేదు, ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. అతనే డబ్బా దగ్గర ఆగి, ఫోను తీసి అందులో వేశాడు. గుండీల మీద పడి టక్కుమంది.

"ఆ కోటు ఇస్తారేమోనని," అన్నాడు.

కత్తెరమ్మ బల్ల చివరికి వెళ్ళింది. హ్యాంగరు తీసింది. కోటుని మడిచేటప్పుడు లోపలి గోధుమరంగు ఒకసారి కనబడింది. వేళ్ళతో సర్ది, కాగితంలో చుట్టి, దారం కట్టింది. అతని చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టి తోసింది.

"నేను దానికి చెప్పాను... ఆదివారం..." అని మొదలెట్టాడు.

"మాకెందుకు చెప్తావు బాబూ? చెప్పాల్సింది దానికి," అంది కత్తెరమ్మ.

డబ్బాలో ఫోను వణికింది. కింద గుండీలన్నీ గలగలలాడాయి. అతను డబ్బా వైపు చూశాడు, చెయ్యి చాపలేదు. ఇద్దరాడవాళ్ళ మొహాలూ చూశాడు. ఫోను వణుకుతూనే ఉంది.

"తీసుకోండి," అంది అమ్మాయి. గొంతులో తడి లేదు. "సారు పిలుస్తున్నారు."

ఆ మాటకి అతని మొహం మీద చెంపదెబ్బ పడ్డట్టయింది. అయినా ఫోను తీశాడు. వీధిలోకి పరిగెత్తలేదు, గోడ వైపు తిరగలేదు. వాళ్ళిద్దరి ముందే, ఎదురుకొట్లో తాళాలవాడికి కూడా వినబడేటట్టు, "చెప్పు తల్లీ. నాన్నని. ఆఁ, ఉన్నాను" అన్నాడు. కాగితం పొట్లం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. అమ్మాయి అటు చూడలేదు. అతను మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు, రావాలని ఎవరూ కోరుకోలేదు. ఎక్కడో ఒక పిల్లకి మాత్రం ఆ ఏడాది చలికి ఒంటికి అతికినట్టు సరిపోయే కోటు ఉంది.

కత్తెరమ్మ మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది.

"పెద్దమ్మా," అంది వెనకనుంచి అమ్మాయి. "ఒక మాట."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒకాయన, "ఏమ్మా, కొలతలు తీస్తారా? తొందరగా పోవాలి" అంటూ వచ్చాడు. చేతిలో గుడ్డ ఉంది, చెవి మీద ఫోను ఉంది. అలవాటు చొప్పున కత్తెరమ్మ చూపుడువేలు లేచింది. సగం దాకా లేచింది. ఎవరికోసం లేచిందో ఆవిడకే తెలీదు. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి దించింది. అలాగే పట్టుకుని, "ఇవాళ కొట్టు లేదు, రేపు రండి" అంది.

"అయిదు దాటింది కదమ్మా, తలుపు తీసే ఉంది కదా?"

"తీసుంది. కొట్టు లేదు."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. కత్తెరమ్మ లేచి స్టూలు దగ్గరికొచ్చింది. కూర్చోడానికి ఇంకేం లేక గుండీల డబ్బా బోర్లించి దాని మీదే కూర్చుంది. గుండీలు, ఆవిడ చచ్చిన ఫోనూ నేలంతా దొర్లాయి. ఏరుకోలేదు.

"చెప్పు," అంది.

అమ్మాయి పుస్తకం మూసింది. "ఆ రోజు కొలతలప్పుడు నేను నిన్ను ఆపొచ్చు. గట్టిగా ఆపలేదు. పెద్దసారుతో మాట్లాడేవాడి గొంతు అలా ఉండదు పెద్దమ్మా, నాకు అనుమానం వచ్చింది. ఎవరో చూద్దామనే రాశాను. కోటు పాడైందని నువ్వన్నప్పుడే నా అనుమానం నిజమని తెలిసిపోయింది. నువ్వే చెడగొట్టావని నువ్వు అనుకుంటున్నావు కదూ, మూడు రోజుల్నించీ? అది చెబుదామనీ..." అని, అక్కడితో ఆగి, అప్పుడు ఏడిచింది.

చాలా చెప్పింది. అతని గురించి చెప్పింది, అమ్మ గురించి చెప్పింది, స్టూలు మీద కూర్చుంటే భయంగా ఉంటుందని చెప్పింది. ఒకే మాటని మూడుసార్లు చెప్పింది. కత్తెరమ్మ ఒక్కచోట కూడా అడ్డం రాలేదు. ఆపి ఆపి చెబుతుంటే ఆగి ఆగి వింది. మధ్యలో ఎప్పుడో వేలి తొడుగు ఊడి, గుండీల్లోకి దొర్లిపోయింది. వెతుక్కోలేదు.